సూన్ అంటే ఎంతసేపు?

ఈ జన్మల నేను అన్నిటికంటె ఎక్కువసార్లు ఆడిన అబద్ధం ఒక్క ఇంగ్లీషు మాట: సూన్. దాన్ని ఫోన్ల కొట్టీ కొట్టీ నా బొటనవేలు మీది గీతలు సగం చెరిగిపోయినయ్. ఆధార్ మిషన్ గూడ నన్ను గుర్తుపట్టదు.

పోయిన వానాకాలం, గద్వాల దగ్గర సీడు పత్తి వేసిన మా అక్క పొద్దుగాలనే ఫోన్ చేసింది. బావ జ్వరంతోని దవాఖానల ఉన్నడు. కూలోళ్ళు రాలేదు. విత్తనాల కోసం పెంచే ఈ సీడు పత్తి పని మహా కఠినం. సాయంత్రం ఒక్కో మొగ్గ విప్పి లోపలి పుప్పొడి తిత్తులు గిల్లేయాలె. తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి అద్దాలె. ఎండ ముదిరినంక అద్దితే కాయ పట్టదు. ముందురోజు అక్క ఒక్కతే, వాచిన వేళ్ళతోని, సాళ్ళకు సాళ్ళు గిల్లి పెట్టింది.

"ఎప్పుడొస్తవ్‌రా?"

"సూన్, అక్కా."

"సూన్ అంటే ఎంతసేపు?"

వనపర్తిల ఇంగ్లీషు పాఠాలు చెప్పుకొని బతికేటోణ్ణి. అడిగినంక ఊకుంటనా? కుర్చీ లాక్కొని కూసున్న.

"వెయ్యేండ్ల కింద ఆ మాటకు 'ఈ క్షణమే' అని అర్థం, అక్కా. ఇగొస్తున్న, అగొస్తున్న అనుకుంట జనం రాకపాయె. వాళ్ళతోపాటు మాట గూడ మెల్లగయ్యి 'జరసేపటికి' దాక దిగజారింది."

"అంటే ఇంగ్లీషోళ్ళల్ల గూడ నీలాంటోళ్ళు ఉన్నరన్నట్టు. ఆ పాత అర్థంలనే రా, తమ్ముడా. పువ్వు ఆగదు."

నేను పగలబడి నవ్విన. అక్క నవ్వలేదు. ఆ సంగతి ఫోన్ పెట్టేసినంక గాని తెల్వలే.

తర్వాత రెండు చాయలు తాగిన. రాజు దండయాత్రకు పోయినట్టు తయారైన. ఒక బస్సు పోనిచ్చి ఇంకో బస్సెక్కిన.

చేనుకాడికి పోయేసరికి పొద్దు నడినెత్తి మీదికొచ్చింది. అక్క మూడో సాలుల వంగి ఉన్నది. ఆమె వెనక రెండు సాళ్ళు, ముందర చేనంత. గిల్లిన మొగ్గలు ఎండకు వడలిపోతున్నయ్. ఆమె ఇంకా అద్దుతనే ఉన్నది.

"అక్కా, టైం దాటింది గద?"

"తెల్సు."

"మరెందుకు?"

"నిన్న గిల్లింది నేనే గదరా. ఊకె వదిలిపెట్ట బుద్ధైతలేదు."

ఒక్క తిట్టు తిట్టలేదు. నేను ఆలస్యం చేస్తే ఏడు తరాలను తవ్వి తిట్టే మనిషి.

సాయంత్రం వనపర్తి బస్సు ఎక్కలే. పక్క సాలుల నిలబడి నేను గూడ గిల్లుడు మొదలుపెట్టిన. పదో మొగ్గకే నడుము పట్టేసింది. నిన్న నువ్వెన్ని గిల్లినవని అడగబోయి, పదకొండో మొగ్గ విప్పిన.