రేడియోకు నీళ్లు పోసిన కాలం

ఆ రోజుల్లో మాకు పాత రేడియోల పిచ్చి ఉండేది. లోకమంతా ఫోన్లలో పాటలు వింటూ ముందుకు పోతుంటే నేనూ, గొర్రెల బావా మాత్రం ఎవరి అటక మీద ఏ రేడియో దుమ్ము పట్టి పడి ఉందా అని సంతలూ అంగళ్లూ పట్టుకు తిరిగేవాళ్లం. దానివల్ల ఏం ఒరిగిందని అడిగితే ఒక్కటే చెప్పగలను. మధ్యాహ్నం పట్టిన కునుకులో వచ్చిన కల లాంటిదది. లేచాక కల గుర్తుండదు గాని, ఆ హాయి కాసేపు ఒంటిమీదే ఉంటుంది.

నాకప్పుడు ముదిగుబ్బలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు ఐవారుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. (మా వైపు బడిపంతులును ఐవారు అంటారు. సైన్సు చెప్పే ఐవారికి గర్వం కాస్త ఎక్కువ.) బావది నల్లమాడ దగ్గర పల్లె. గొర్రెల బేరం ఆయన బతుకుతెరువు, రేడియోలు ఆయన బలహీనత. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఒక సంతలో ఒకే రేడియో మీద ఇద్దరం ఒకేసారి చెయ్యి వేసి, కాసేపు వాదించుకుని, చల్లబడ్డాక టీ తాగి, బావా అంటే బావా అనుకున్నాం. (మేం టీ తాగి వచ్చేసరికి ఆ రేడియోను మూడో మనిషెవరో పట్టుకుపోయాడు.) ఆ రోజే ఒక ఒప్పందం కుదిరింది. ఇకమీదట ఎవరికేం దొరికినా అది ఇద్దరిదీ. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్య దాకా ఒకరింట్లో ఉండాలి, ఆ తరువాత రెండోవారింటికి పోవాలి. అత్తారింటికీ పుట్టింటికీ తిరిగే కొత్తకోడలిలా మా రేడియోలు ఊర్లు తిరిగేవి.

అలా ఒకసారి బత్తలపల్లెలో పాత ఇనుము కొనే అంగట్లో నాకొక వాల్వు రేడియో దొరికింది. చెక్క పెట్టె, ముందు వైపు బంగారు రంగు గుడ్డ, ఎన్నడూ చూడని దేశాల ఊర్ల పేర్లు రాసిన అద్దం. మీట నొక్కగానే పాడే రకం కాదు. లోపలి గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు గొంతు సవరించుకుంటుంది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ముదిగుబ్బ చేరాను. పక్కన కూర్చున్న ముసలాయన రేడియోలు జేబులోకి వచ్చేసిన కాలంలో ఇదేం ఖర్మప్పా అన్నట్టు దారి పొడుగునా నా వైపు జాలిగా చూశాడు.

తీరా ఇంటికి తెచ్చి పెడితే బర్రుమనే చప్పుడు తప్ప మరోటి లేదు. చూడటానికొచ్చిన బావ, రేడియో వెనక ఉన్న రెండు రంధ్రాలు చూపించాడు. ఒకటి ఏరియలుకు, ఒకటి ఎర్తుకు. ఏరియలుకు ఇంటి మీది నుంచి వేపచెట్టు దాకా రాగి తీగ కట్టాం. ఎర్తుకు పెరట్లో ఇనుప కడ్డీ దిగగొట్టి దానికో తీగ చుట్టాం. అయితే కడ్డీ చుట్టూ నేల తడిగా ఉండాలి. మా నేల తడి మొహం చూసి ఎన్నాళ్లయిందో! సుత్తితో కొడుతుంటే బండ మీద కొట్టినట్టు ఖంగుమనేది. ఒక బిందెడు నీళ్లు తెచ్చి కడ్డీ మొదట్లో పోశాను. భూమి చప్పున తాగేసింది. రేడియో దగ్గింది, గొణిగింది, ఆ తరువాత ఎక్కడో దూరంగా ఒక ఆడమనిషి గొంతు గాలి మీద తేలివచ్చినట్టు వినిపించింది. బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని ఊరికే నవ్వుకున్నాం. మరునాటికి నేల ఎండిపోయింది, రేడియో మూగబోయింది. ఇక రోజూ పొద్దు వాలగానే బిందె ఎత్తడం నాకు పనైంది.

నేను అద్దెకున్న ఇంటి అవ్వ కొన్నాళ్లు చూసింది. ఆమెకు కొడుకూ కోడలూ ఉన్నా ఇంటి పెత్తనం ఆమెదే, ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలు వరుసలో పెట్టేదీ ఆమే. ఒకరోజు నా వెనకే వచ్చి నిలబడింది.

"ఏమి ఐవారా, కడ్డీకి నీళ్లు పోస్తాండావు? అదేమన్నా మొలకెత్తుతాదా?"

నేను భూమి గురించీ, తేమ గురించీ, విద్యుత్తు గురించీ పాఠం మొదలుపెట్టాను. ఆమె ఓపిగ్గా అంతా విని, తాగే నీళ్లు ఇంకొక్కసారి నేలపాలు చేస్తే గది ఖాళీ చేసి పొమ్మని నెమ్మదిగానే చెప్పింది. రెండడుగులు వేసి మళ్లీ ఆగి, స్నానాల తడిక వెనక ఎప్పుడూ తడే కదా, ఆ కడ్డీ ఏదో అక్కడే పాతుకోమంది. నాకది తట్టనందుకు సిగ్గుపడుతూ కడ్డీ పెరికి తడిక వెనక ఉన్న కరేపాకు చెట్టు పక్కన నాటాను.

ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. ఇంట్లో అందరూ పొద్దున్నే నీళ్లు పోసుకుంటారు. దూరపు స్టేషన్లు పలికేది మునిమాపు వేళ. ఆలోగా ఎండ ఆ తడినంతా పీల్చేస్తుంది. కాబట్టి సాయంత్రం ఎవరో ఒకరు స్నానం చేస్తేనే రేడియో. మొదట నేను చేశాను. నాకు జలుబు చేసిన రోజుల్లో చేను నుంచి వచ్చిన అవ్వ కొడుకును బతిమాలి పంపాను. ఐవారు నీళ్లు పోసుకుంటే రేడియో పాడుతుందట అనే మాట వీధంతా పాకింది. బళ్లో తోటి పంతుళ్లు నన్ను చూడగానే, నిన్న స్నానం బాగా అయిందా, ఏయే పాటలు వచ్చాయి అని అడగడం మొదలుపెట్టారు.

అలాంటి ఒక సాయంత్రం ముల్లు తిప్పుతుంటే కన్నడం పలికింది. అరుగు మీద శనక్కాయలు ఒలుస్తున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది. తిప్పొద్దని సైగ చేసింది. ఏవో పంటల ధరలు చెబుతున్నారు. అవ్వ ప్రతి ధరకూ తల ఊపి, ఎదురుగా మనిషి ఉన్నట్టు "హౌదా, హౌదా" అంటోంది. అలాగా, అలాగా అని కన్నడంలో. అది అయిపోయాక నాతో అంది.

"మాది పావగడ పక్క. మాయక్క పోయినాక నాతో ఆ మాట మాట్లాడేవోళ్లు ఎవరూ లేకపాయ ఐవారా. యిని శానా నాళ్లాయ."

అప్పటి నుంచి ఇంట్లో చట్టం మారింది. అంట్లు తోమేవాళ్లు, కాళ్లు కడిగేవాళ్లు, బియ్యం కడిగేవాళ్లు అందరూ పొద్దు వాలాక, అదీ కరేపాకు చెట్టు దగ్గరే. ఒక్క చుక్క వృథా కాలేదు, రేడియో ఒక్క సాయంత్రం అలగలేదు. బయట ఎర్రటి వెలుతురు మెల్లగా మాసిపోతుంటే, ఆ అద్దం వెనక పసుపు దీపం వెలుగుతుంటే, అవ్వ తన చిన్ననాటి ఊళ్లో కూర్చున్నట్టు కూర్చునేది. నాకు కన్నడం సగమే తెలిసినా అక్కడి నుంచి లేవబుద్ధి అయ్యేది కాదు.

అమావాస్య దగ్గర పడింది. మా ఒప్పందం సంగతి అవ్వకు తెలీదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. బావ రానే వచ్చాడు. వచ్చినవాడిని కూర్చోమని కూడా అనకుండా అవ్వ ముందు పోయి నీళ్లు పోసుకుని రమ్మంది. ఆయన తడి తలతో, భుజాన తువ్వాలుతో అరుగు మీద కూర్చుని రేడియో కంటే అవ్వనే ఎక్కువసేపు చూశాడు. అయినా మాట మాటే కదా, మరునాడు రేడియో ఎత్తుకున్నాడు. అవ్వ అడ్డు చెప్పలేదు. జాగ్రత్తగా తీసుకుపొమ్మని పాత దుప్పటి ఒకటి కప్పి ఇచ్చింది. ఆ సాయంత్రం అలవాటు చొప్పున శనక్కాయల చేట తెచ్చుకుని కూర్చుంది, ఖాళీ బల్ల వైపు చూసింది, చేట తీసుకుని లోపలికి పోయింది.

నాలుగు రోజులు కూడా కాకముందే బావ మళ్లీ బస్సు దిగాడు, చేతుల్లో అదే దుప్పటి, అదే రేడియో.

"మా నేలలో పలకల్యా బావా. ఎంత తడిపినా ఉలకదు, పలకదు. దీనికి ఈ అవ్వ నీళ్లే కావాల."

నేను సైన్సు ఐవారిని. వెంటనే కారణం కనిపెట్టాను. నల్లమాడ నేలలో లవణాల సంగతేమిటో, ముదిగుబ్బ నేల ఎందుకు గొప్పదో బావను కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. ఆయన ప్రతి కారణానికీ తల ఊపుతూ విన్నాడు. రేడియో అవ్వ దగ్గరే ఉండిపోయింది, ఆమె పోయేదాకా.

రేడియోలు తెచ్చేదీ తీసుకుపోయేదీ ఎప్పుడూ బావే కాబట్టి, ఈమధ్యే మొదటిసారి ఆయన ఊరికి పోయాను. ఇంటి వెనక గొర్రెలకు నీళ్లు పెట్టే తొట్టి ఉంది. దాని చుట్టూ పాదం దిగబడేంత బురద, పచ్చటి గడ్డి. బోరు వేసిన నాటి నుంచీ ఆ చోటు ఎండింది లేదని బావ భార్య చెప్పింది. మరి ఇంత తడిలో ఆ రేడియో ఎందుకు పలకలేదో అన్నాను. ఆమె నా మొహంలోకి వింతగా చూసింది.

"పలక్కపోవడమేమిన్నా? తెచ్చిన పొద్దే గంట మాదిరి పలికె. ఈయప్పే ఒక పాట యిని ఆపేసినాడు. ఎత్తకపోయి ఇచ్చేసొస్తా అన్నాడు."

బావ మాత్రం ఏమీ విననట్టు గొర్రెల వైపు చూస్తున్నాడు. నల్లమాడ నేలలోని లోపాలన్నీ వేళ్లు మడిచి మరీ చెప్పిన ఆ కుర్ర ఐవారు గుర్తొచ్చాడు. ఆయన చెప్పిన ప్రతి కారణానికీ బావ ఎంత శ్రద్ధగా తల ఊపాడో కూడా గుర్తొచ్చింది. ఆ బురదలో నిలబడి చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.