తోచని బాబాయి

మా బాబాయికి తోచదు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. బస్సు డ్రైవరుగా రిటైరైన మర్నాడే మొదలెట్టాడు.

"ఏమీ తోచట్లేదే అమ్మాయ్! ఏదో ఒక కొత్త విద్య నేర్చుకోవాలి. పైసా ఖర్చు కాకూడదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో వస్తువులకు భద్రత లేకుండా పోయింది.

మొదటిది ముళ్లు వేసే విద్య. దండెం తాడు విప్పేశాడు. ఉతికిన బట్టల బకెట్టుతో పిన్ని వచ్చి, "ఇవన్నీ మీ మెడలో ఆరేయనా?" అంది.

"కాస్త ఓపిక పట్టవే. పడవలవాళ్లు వేసే ముడి ఇది!"

ముడి బ్రహ్మాండంగా పడింది, ఆయన బొటనవేలితో సహా. కత్తెరతో విడిపించాం.

తరవాత కాగితాలు మడవడం. నా ఆఫీసు కాగితం పట్టుకొచ్చి "కొంగ" అన్నాడు. నాకైతే తొక్కేసిన బొద్దింకలా కనిపించింది.

ఆ మోజూ తీరాక అల్లిక. సూదులు కొనడం దండగని పాత సైకిలు చువ్వలు సానబెట్టాడు. ఊలు ఎక్కడిదో నాకు మర్నాడు తెలిసింది.

"బాబాయ్, నా స్వెట్టరేదీ?"

"ఎక్కడికి పోతుందే? ఇదిగో!" అని ఉండ చూపించాడు.

ఇవన్నీ భరించొచ్చు. కానీ ఏ విద్య పట్టినా తిన్నగా కింద వాటాలో టైలరు దగ్గర కూర్చునేవాడు. అదే నాకు ఒళ్లుమంట. టైలరు ఆయనకు చిన్ననాటి నేస్తం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. కదిలించకపోతే వేళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు మెత్తటి బంతి ఇచ్చి పిసకమంటే, "నేనేమైనా చంటిపిల్లాణ్నా?" అని గోడకేసి కొట్టాడు. కొట్టు మూసేసి, మిషను కూడా అమ్మేస్తానంటున్నాడు. అలాంటి మనిషి బుర్ర తినడమేమిటి, చెప్పండి?

నా ఊలు వెనక్కి తెచ్చుకుందామని కిందికి వెళ్తే కేకలు వినిపించాయి.

"ఒరేయ్, సూది అలా పట్టుకుంటారట్రా? అదేమన్నా స్టీరింగా? ఇటియ్యి!"

"నీ చేత్తో నువ్వేం చేస్తావులేరా," అన్నాడు బాబాయి.

"ఇవ్వమన్నానా!"

టైలరు లాక్కున్నాడు. వేళ్లు వణికాయి. ఊలు జారింది. నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ మళ్లీ ఎత్తాడు. చివరికి వరస పూర్తిచేశాడు. బాబాయి దాన్ని అందుకుని, క్షణంలో చిక్కు చేసి, "బుర్రకెక్కలేదురా, ఇంకోసారి చూపించు" అన్నాడు.

మండిపోతూ పైకొచ్చాను. "పిన్నీ, అంత మొద్దు మనిషిని నేనెక్కడా చూళ్లేదు!"

పిన్ని పకపకా నవ్వి, బీరువాలోంచి నీలం శాలువా తీసింది. అంచు నిండా తీగలూ పువ్వులూ అల్లి ఉన్నాయి.

"పెళ్లయిన కొత్తలో మీ బాబాయి అల్లిందే. బస్సు బయల్దేరేదాకా డిపోలో కూర్చుని అల్లేవారు, ఆ టైలరుకి కూడా తెలీదు."

"మరి ఆ ముళ్లు?"

"బస్సు మీద సామాన్లు కట్టిన చేతులే అవి! వచ్చిన విద్యలే మళ్లీ రానట్టు నేర్చుకుంటున్నారు. తప్పు కుట్టు కనబడితే టైలరు చెయ్యి ఊరుకోదుగా. నువ్వు మాత్రం నోరు విప్పకు."

ఊలు అడగడం మానేశాను. బాబాయి మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

చలి వెళ్లిపోయాక కొట్టు షట్టరు లేచింది. టైలరు నన్ను పిలిచి, నా ఊలుతోనే అల్లిన స్వెట్టరు చేతిలో పెట్టాడు. దానికి ఒక చెయ్యి కాస్త పొడుగు.

"మీ బాబాయికి నేర్పీ నేర్పీ నా చెయ్యి తిరిగిందమ్మా. పాపం, వాడికి మాత్రం ఏదీ రాదు, ఇంట్లో తోచదు. అందుకే గుండీలు కుట్టడానికి రోజూ కొట్టుకు రమ్మన్నాను."

తొంగిచూస్తే మూలన బాబాయి నా కొత్త జాకెట్టుకు గుండీలు కుడుతున్నాడు. అన్నీ తీర్చిదిద్దినట్టున్నాయి, ఆఖరిది తప్ప. అది పూర్తిగా వంకర.

"ఇదేమిటి బాబాయ్?"

ఆయన టైలరు వైపు ఓ కంట చూసి గొంతు తగ్గించాడు.

"అప్పుడప్పుడూ ఒకటి చెడగొట్టకపోతే వాడికి అనుమానమొస్తుందే!"

వెంటనే వెనక నుంచి కేక: "ఒరేయ్ మొద్దూ, అదేం గుండీరా? ఇటియ్యి!"