స్లైట్లీ అంటే ఎంత?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, రాయచూరులో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు. పత్తి నుంచి గింజను వేరుచేసే చోటు కాబట్టి గాలి నిండా నూగే. ఏడాదికోసారి కూలీలకు చేయాల్సిన హెల్త్ చెకప్ కోసం మా ల్యాబ్ నుంచి డాక్టరుగారూ, టెక్నీషియన్‌గా నేనూ వెళ్ళాం. నా పని స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల సత్తువ చూడటం.

పక్కనున్న కల్మల ఊరి నుంచి వచ్చే నర్సమ్మ వంతు వచ్చింది. మిషన్లో పత్తి పోసే పని ఆమెది. ఊదబోయి దగ్గుతో వంగిపోయింది.

"దమ్మొస్తదా అమ్మా?" అని ఆయాసం గురించి అడిగాను.

"జర సార్."

ఇక్కడి మనుషులకు అదొక అలవాటు. సొంత బాధను ఎవరూ పెద్దది చేసి చెప్పరు. కాలు విరిగినా జర నొప్పే, అంటే కొంచెమే. మిషన్‌కు ఆ మొహమాటం లేదు, ఊపిరి సగానికి పైగా పోయిందని చూపించింది. నేను 'సివియర్లీ', అంటే తీవ్రంగా తగ్గిందని రాసి, ఆమెకూ చెప్పాను.

నర్సమ్మ నేరుగా వెళ్ళి డాక్టరుగారి ముందు చేతులు జోడించింది. "గట్ల రాస్తే రేపటి సంది రావద్దంటరు సార్. ఇంట్ల పొయ్యి ఎట్ల వెలగాలె? జర అని రాయి సార్."

ఆయన నా మాట కొట్టేసి 'స్లైట్లీ' అని రాశారు. "పుణ్యం చేశాం లేవయ్యా," అన్నారు నాతో. మందు రాయలేదు. దుమ్ము లేని పనికి మార్చమనీ రాయలేదు. మిల్లువాళ్ళు మళ్ళీ ఏడు కూడా మమ్మల్నే పిలవాలి కదా. ఆ పుణ్యం చూసి నాకు ఒళ్ళు మండింది.

సీజన్ ముగియకముందే నర్సమ్మ చనిపోయింది. కొడుకు మల్లేశు పరిహారం అడగడానికి మిల్లుకు వెళితే, స్లైట్లీ ఉన్నవాళ్ళు చావరు, ఇంకేదో రోగం ఉండి ఉంటుందని మేనేజరు పంపేశాడట. అక్కడినుంచి మా ల్యాబ్‌కు వచ్చాడు.

"స్లైట్లీ అంటే ఏంది సార్?"

"జర," అన్నాను.

"జరకే సస్తరా సార్?"

మిషన్ తీసిన గ్రాఫ్ అతని చేతిలో పెట్టి, లేబర్ ఆఫీసుకు తీసుకెళ్ళమన్నాను. అక్కడా డాక్టరుగారి సంతకం ఉన్న మాటే చెల్లింది.

అప్పటినుంచి ఎవరు జర అన్నా నేను నమ్మను. బస్సు దిగి ఇక్కడికి వచ్చేలోపు ఆయాసంతో ఎక్కడెక్కడ ఆగి కూర్చున్నావని అడిగి, ఆ జవాబే రాస్తాను. డాక్టరుగారు దాని కింద ఇప్పటికీ స్లైట్లీ అనే రాస్తారు.