ఒకే పేరు, ఒకే జూలై ఒకటి

రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రి ఊళ్ళలో శిబిరాలు పెడుతుంది. వాటికి వెబ్ అప్లికేషన్ రాసింది నేనే. ఒకే మనిషి పేరు రెండేసి సార్లు ఎక్కుతోందని వాళ్ళ గొడవ. అందుకని పేరు, ఊరు, పుట్టినతేదీ మూడూ కలిస్తే రెండోసారి తీసుకోకూడదని డేటాబేస్‌లోనే నిబంధన పెట్టాను.

"స్క్రీన్ మీద హెచ్చరిక చూపిస్తే చాలదాండీ? నిజంగానే ఇద్దరుంటేనో?" అంది పేర్లు ఎక్కించే ఆవిడ.

నేను వింటేనా! పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "స్క్రీన్‌లో ఆపితే ఫోన్ యాప్ నుంచి వస్తుందండి, ఎక్సెల్ నుంచి వస్తుంది. డేటాబేస్ కాదంటే ఇంకెవరూ దూర్చలేరు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. అదే నా ఏడుపు.

మా పిన్నిది నరసాపురం దగ్గర పల్లె. లేసు అల్లుతుంది. ఆవిడకీ, ఆవిడ పెదనాన్న కూతురికీ నాయనమ్మ పేరే పెట్టారు. ఇద్దరినీ ఒకే రోజు బళ్ళో వేస్తే మాస్టారు ఇద్దరికీ జూలై ఒకటి అని రాసేశారు. మా వైపు ఆ తరంలో సగం మంది కాగితాల మీద పుట్టింది ఆ రోజే. తర్వాత అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంటి కోడళ్ళయ్యారు, ఇంటిపేరూ ఒకటే. ఇదంతా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ ఆ నిబంధన రాశాను.

వాళ్ళ ఊళ్ళో ఆ ఆసుపత్రి పెట్టిన శిబిరానికి పిన్ని వాళ్ళక్క పొద్దున వెళ్ళింది, పిన్ని మధ్యాహ్నం వెళ్ళింది. "మీ వివరాలు ఇప్పటికే ఉన్నాయండి, ఫోన్ వస్తుంది, వెళ్ళిరండి" అని పంపేశారట. అక్కకి ఫోన్ వచ్చింది, పరీక్ష చేసి అద్దాలిచ్చారు. పిన్ని తన ఫోన్ కోసం ఏడాదిన్నర చూసింది. చూపు పక్కల నుంచి మూసుకుపోతున్నా నాకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని అరిచాను.

"నువ్వు రాసిందే కదే, తప్పు జరగదులే అనుకున్నా" అంది.

నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళకీ నీటికాసులు, అదే గ్లకోమా. ముందే వచ్చుంటే చుక్కల మందుతో ఆపేవాళ్ళమనీ, పోయిన చూపు ఇక తిరిగి రాదనీ డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆ మాట పిన్నితో అనడానికి నాకింకా నోరు రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. పిన్ని వాళ్ళింట్లోనే కూర్చుని, వివరాలు కలిస్తే మనిషిని చూసి తేల్చుకునేలా నిబంధన మార్చాను. ఇచ్చిన టీ చల్లారేలోగా అయిపోయింది. అంత చిన్న పని. తర్వాత పిన్ని వివరాలు ఎక్కించాను. ఎందుకో నాకే తెలియదు.

పిన్ని వేళ్ళతో తడుముకుంటూ లేసు అల్లుతోంది.

"ఈసారి తీసుకుందా?"

"తీసుకుంది పిన్నీ."

"హమ్మయ్య. అయితే ఫోన్ చేస్తారుగా" అంటూ సెల్లు వెతికి ఒళ్ళో పెట్టుకుంది.