లింగమ్మ మందను కంప్యూటర్‌కెక్కించడానికి వెళ్లిన ప్రయాణం

కుందుర్పి వైపు మీలో ఎవరైనా సర్వే పని మీద వెళ్తారేమోనని ఇది రాస్తున్నాను. నేను వెళ్లింది ఎనభైల చివర్లో, ఒక అనుమానం తీర్చుకురమ్మని మా ఆఫీసరు పంపితే. అనంతపురంలో మా ఆఫీసుకి అప్పుడే కంప్యూటర్ వచ్చింది. చెప్పులు విప్పితే గానీ దాని గదిలోకి రానిచ్చేవాళ్లు కాదు. గుమాస్తాలకి ఫ్యాను తిరగకపోయినా దానికి మాత్రం ఏసీ. కరువులో గొర్రెలకు గడ్డి పంచాలి కాబట్టి, ఎవరికెన్ని ఉన్నాయో అందులోకి ఎక్కిస్తున్నారు. ఒక ఊరి జాబితా అచ్చయి వస్తే ఇంటింటికీ ఇరవై గొర్రెలే. తప్పు మిషనుదని ఆఫీసరు, ఊరిదని ఆపరేటరు. నాకు ఇద్దరి మీదా నమ్మకం లేదు.

పొద్దున ఆరింటి బస్సెక్కి, ఎనిమిది దాటాక కళ్యాణదుర్గంలో దిగాను. బస్టాండు పక్కన రూపాయిన్నరకి ఉగ్గాని, బజ్జీ. వడ్డించే ఆయన నా చేతిలో కాగితాలు చూసి, "సర్వేనా? మా తావ ఏమీ లేదప్పా, అట్లే రాసుకో" అన్నాడు, నేనేమీ అడక్కముందే. కుందుర్పికి ఇంకో బస్సు, మూడు రూపాయలు. అక్కణ్ణుంచి ఎండిపోయిన వేరుశనగ చేల మధ్య గంటన్నర నడక.

ఊళ్లో మొదటి ఇల్లు లింగమ్మది. భర్త పోయాక మందను తనే చూసుకుంటోంది, పగలు మేపడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకుంది.

"గొర్రెలెన్నమ్మా?"

"ఒగ ఇరవై."

"దొడ్డి చూస్తే వందకి తక్కువ పట్టేలా లేదే."

"ఇరవై అని చెప్పినా కదప్పా. రాసుకోని పో."

పన్ను వేస్తారని భయమేమో అనుకున్నాను. అదీ ఉంది గానీ, అసలు సంగతి వేరు. "మందను నోటితో లెక్కబెడితే దిష్టి తగుల్తాది. మా నాయన గూడా ఎన్నడూ చెప్పలేదు. ఒగటి తగ్గితే మొగాలు జూసి కనుక్కుంటాం. ఎవురన్నా అడిగితే ఇరవై అంటాం, అంతే." ఊరంతా అదే మాట చెప్పింది, మిషను అదే అచ్చేసింది.

ఈ లెక్క ఆఫీసులో మిషనులోకి ఎక్కుతుందని, ఇరవై అంటే ఇరవైకే గడ్డి వస్తుందని చెప్పాను. "ఆ మిషను మోసం జేయదా?" అంది. "మనుషులు చేస్తారు గానీ, అది చేయదమ్మా" అన్నాను. నాకే నమ్మకం లేని మాట అది.

పొద్దుగూకే వేళకి మంద తిరిగొచ్చింది. లింగమ్మ దొడ్డి వాకిట్లో కూర్చుని, గొర్రె లోపలికి పోయినప్పుడల్లా ఒక చింతగింజ గుడ్డలో వేసింది. మూటకట్టి నా చేతికిచ్చింది. "నేను ఏమీ చెప్పలేదు. నువ్వు గూడా ఈడ లెక్కబెట్టద్దు. ఊరు దాటినాక చూసుకో."

ఆ రాత్రికి బడి వరండాలో పడుకుని, మర్నాడు కుందుర్పి బస్టాండులో లెక్కపెట్టాను. నూట ముప్పై ఏడు. ఫారంలో గొర్రెల సంఖ్యకి, అంకెకొకటి చొప్పున, గళ్లు రెండే ఉన్నాయి. మూడంకెలూ వాటిలోనే ఇరికించి రాసి, గింజలు అక్కడే పారబోసి బస్సెక్కాను. ఏదో ఘనకార్యం చేసినట్టు సంబరపడ్డాను కూడా.

కొత్త జాబితాలో లింగమ్మ పేరు ఎదురుగా ఉన్నది పదమూడు. "రెండు గళ్లే కదన్నా, మొదటి రెండంకెలు తీసుకుండాది" అన్నాడు ఆపరేటరు. అప్పటికే గడ్డి లారీ వెళ్లిపోయింది. ఇరవై అని మొండికేసిన ఇళ్లకి ఇరవైకి వచ్చింది. నన్ను నమ్మి నిజం చూపించినామెకి పదమూడుకి వచ్చింది.

దిద్దిన కాగితం పట్టుకుని నేను మళ్లీ వెళ్లేసరికి రెండు నెలలు పట్టింది. లింగమ్మ తిట్టలేదు. కాగితం వైపు చూడనే లేదు.

"ఆ గింజలు తెచ్చినావాప్పా?"

"ఎందుకమ్మా?"

"సచ్చిపోయినవాటి గింజలు తీసేయల్ల."

నా దగ్గర ఒక్క గింజా లేదు.

మిషను చేసిన పని అని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను. నిజానికి అది మోసం చేయదని మాటిచ్చింది నేను, గళ్లు చూసి కూడా ఊరుకున్నది నేను. ఆ ఊరు మమ్మల్ని అనుమానించడం న్యాయమే. నేనే నన్ను ఇంకొంచెం అనుమానించుకుని ఉండాల్సింది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ఇప్పుడు మీ చేతిలో ఫోనుంటుంది, ట్యాబు ఉంటుంది. వాళ్లు చెప్పింది ఎక్కించాక, తెర మీద ఏం పడిందో అక్కడే వాళ్లకి చదివి వినిపించి, ఆ తర్వాతే బస్సెక్కండి.