మైకు ముందర ‘నాయనా’ అంటే

మే, నవ్వితే నవ్వుకోండి గానీ, నేను చెప్పేది అయ్యేదాకా మధ్యలో ఎవురూ దూరద్దండి. ఆదివారం మా పూతలపట్టు చర్చిలో నా పరువు ఎట్ల పోయిందో వినండి. టీ తాగుతానే వినండి, చల్లారిపోతాది.

పోయిన వారం మా పాస్టరయ్య భార్య ఇంటికొచ్చి, "ఈ ఆదివారం యవ్వనస్థులది. తల్లిదండ్రుల దగ్గర జ్ఞానం నేర్చుకునేదాని గురించి నువ్వే మాట్లాడల్ల నిర్మలా," అనింది. తిరుపతిలో కంటాసుపత్రిలో పేషెంట్ల పేర్లు మైకులో పిలిచేదే నా ఉద్యోగం. నాకు మైకంటే భయమా! ఎగిరి గంతేసి ఒప్పేసుకున్నా.

శుక్రవారం సాయంత్రం నాయన పిలిచినాడు. ఆయనది మామిడి మండీలో పని. ఆ అరుపుల్లో ఉండి ఉండి చెవులు మందగించినాయి, గట్టిగా చెప్తే గానీ వినపడదు. అయినా మా చిన్నప్పటి నుంచి, సాయంత్రమైతే మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, వాక్యం చదివి, అర్థం చెప్పి, ప్రార్థన చేసేది ఆయనే.

"మాట్లాడేది రాసుకో అమ్మా. నాకు ఒక తూరి చదివి వినిపించు. తప్పులుంటే చెప్తా," అన్నాడు.

"ఇది మండీలో మామిడికాయలు తూకం వేసేది కాదు నాయనా! నీకేం తెలుసు, గమ్మునుండు," అనేసినా.

ఆ ఒక్కమాట మాత్రం ఎంత బాగా వినపడిందో ఆయనకు! కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకొని లేచి పోయినాడు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. సాయంత్రం ప్రార్థనకు కూడా నన్ను పిలవలా. నేను ఎదురుగా కూర్చోనుంటే, అమ్మతో "నీ కూతురికి అన్నం పెట్టు" అంటాడు! ఆ అన్నం గొంతు దిగితే కదా. సారీ చెప్దామని పక్కన పోయి నిలబడినా, నోరు రాలా. పొగరు, ఇంకేంది?

శనివారం వంటింటి గడప దగ్గర కూర్చున్నా. టైపు చేసేదానికి బద్ధకం. మనం మాట్లాడితే ఫోనే టైపు చేసుకుంటాది గదా, అది ఆన్ చేసి గడగడా చెప్పుకుంటా పోయినా. లోపల అమ్మ వంట చేస్తా ఉండాది. అంతా అయినాక ఒక తూరన్నా చదివి చూసినానా? లేదే!

ఆదివారం చర్చి నిండా జనం. నాయన ముందు వరసలో, స్పీకరు బాక్సు పక్కనే కూర్చున్నాడు, వినపడల్లని. నా మొగం మాత్రం చూడలా. నేను మైకు పట్టుకొని, ఆసుపత్రి గొంతు తెచ్చుకొని, ఫోన్లో చూసి మొదలుపెట్టినా.

"ప్రియమైన వారలారా! తల్లి చెప్పే ప్రతి మాటలో జ్ఞానం ఉంటుంది. తల్లి మనతో ఏమంటుందంటే, ఏమ్మే, పొద్దస్తమానం ఆ ఫోనేనా, వచ్చి ఈ ఎర్రగడ్డలు తరిగి చావు, రేపు పెళ్లైతే మీ అత్త నన్ను గదా తిట్టేది..."

చదివేసినా మే! అదే ఆసుపత్రి రాగంలో, అత్త దాకా చదివేసినా!

చర్చంతా ఘొల్లుమనింది. అమ్మ కొంగు మొగానికి కప్పేసుకునింది. కిందికి జరిపి చూస్తే ఇంకా ఉండాది, వంటింట్లో అమ్మ అనిందంతా ఫోను టైపు చేసేసుకునింది. పప్పులో ఉప్పు, పక్కింటామె కట్టుకున్న చీర... ఆ పక్కింటామె రెండో వరసలోనే కూర్చోనుండాది! గబుక్కున ఫోను ఆపేసినా. తలకాయలో ఒక్క ముక్క లేదు. ఇంక తప్పించుకునేదానికి ఒకటే దారి. "ప్రార్థన చేసుకుందాం," అని కళ్లు మూసుకున్నా. ఆ నవ్వుల్లో ఆ మాట ఎవురికి వినపడిందో, ఎవురికి వినపడలేదో.

మన ప్రార్థన ఎట్ల మొదలవుతాది? దేవుణ్ణి "నాయనా" అనే గదా పిలిచేది.

"నాయనా! నీ మాట వినకుండా గర్వంగా మాట్లాడినాను నాయనా..."

నిజంగా దేవుడితోనే మొదలుపెట్టినా. కానీ ‘నాయనా’ అనేసరికి, శుక్రవారం లేచి పోయిన ఆ మొగమే కళ్ల ముందర నిలబడింది. ఏడుపొచ్చేసింది. "నీ మనసు నొప్పించినా. నువ్వు నాతో మాట్లాడకుంటే నాకు అన్నం దిగడంలా. క్షమించు నాయనా..."

అప్పుడు స్పీకరు పక్కన నుంచి, చెవులు వినపడని మనిషి మాట్లాడితే ఎంత పెద్దగా ఉంటాదో అంత పెద్ద గొంతు.

"సర్లేమ్మా! నాకు యాడ కోపం ఉండాది? ఏడవద్దు, కిందికి రా!"

కళ్లు తెరిస్తే నాయన లేచి నిలబడుండాడు. ఆయన కళ్లల్లోనూ నీళ్లు. అది ప్రార్థన అని చర్చి మొత్తంలో ఆయనొక్కడికే తెలీదు! నేనింక మైకు ఆడనే పెట్టేసి, పోయి ఆయన చెయ్యి పట్టుకున్నా.

పాస్టరయ్య నవ్వాపుకోలేక, "ఇంత తొందరగా జవాబొచ్చిన ప్రార్థన నేనింతవరకూ చూడలా," అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. మా అమ్మ కొంగులో నుంచే ఆమేన్ అనింది.

వచ్చే నెల కూడికలో ఎవురు మాట్లాడతారో తెలుసా? నేను కాదు మే, మా నాయన! కూతుర్లతో ఓర్చుకునేది ఎట్ల, అని చెప్తాడంట. ఉదాహరణకు కావల్ల, ముందు వరసలో కూర్చో అన్నాడు నన్ను.