నీళ్లు కారని కుట్టు

వెన్నెముక లోపల నరాల చుట్టూ నీళ్లు నిండిన పలుచటి పొర ఉంటుంది. ఆపరేషన్‌లో అది చిరిగితే చుక్క కూడా కారకుండా కుట్టాలి. కారితే రోగి లేచి కూర్చోగానే తల పగిలిపోయే నొప్పి. 2012లో నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ని. ఆదివారాలు హైదరాబాద్ నుంచి వచ్చే సర్జన్‌గారు ఆ పొర దగ్గరికి రాగానే నా చేతిలో సూది లాగేసుకునేవారు.

"కారకుండా కుట్టి చూపించమ్మా, అప్పుడిస్తాను" అన్నారు. చూపించడానికి ఎవరి వెన్ను తేవాలి? నాకు ఒళ్లు మండింది.

సాధన చేసే బొమ్మలు మా ఆసుపత్రి కొనేవి కావు. ఎల్లారెడ్డిలో మా ఇంటి వెనక పడున్న లావుపాటి బోరు పైపు ముక్క కోసి చెక్క మీద నిలబెట్టాను. అడుగున పొరకు బదులు మేక పేగు, దానికి సెలైన్ గొట్టం, గోడమేకుకు సీసా. ఇక వెన్ను కోతలోకి దూర్చినట్టే పైపులోకి చేతులు దూర్చి, పేగును చీల్చి కుట్టడమే.

"బోటి కోయకుండ ఎట్ల వండుతరు బేటీ?" అని, పేగు కోయకుండా ఇమ్మన్నప్పుడల్లా మటన్ కొట్టు చాచా నవ్వేవాడు.

వారాల తరబడి కారింది. ఒక శనివారం ఆగింది! సర్జన్‌గారికి చూపిద్దామని ఆ ముక్కను ఫ్రిజ్‌లో దాచి, గంతులేసినంత పని చేసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అమ్మ దాన్ని శనగపప్పుతో పొయ్యి మీదికి ఎక్కించింది.

"చాచాకు సోయి లేదే బిడ్డా, బోటిల నీలం దారం ఇడిచిపెట్టిండు" అంది. అరిచాను, ఏడ్చాను, మళ్లీ నవ్వొచ్చింది. చేతిలోకి వచ్చిన పని కూరలో పోదు కదా!

పైపుతో, కొత్త పేగుతో కామారెడ్డి బస్సెక్కాను. సర్జన్‌గారి ముందే కుట్టాను. ఆయన సీసాను ఇంకా పైకి ఎత్తి పట్టుకున్నారు. కారలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు భిక్నూర్ రైతు ఒకాయనకు ఆపరేషన్ మధ్యలో పొర చిరిగింది. సర్జన్‌గారు సూది నాకిచ్చి వెనక్కి జరిగారు. కుట్టాను. కారుతుందేమో చూడటానికి మత్తు డాక్టరు లోపల ఒత్తిడి పెంచారు. అందరం వంగి చూశాం. పొడిగా ఉంది. నా చేతులు నాకే ముద్దొచ్చాయి.

ఆ రైతును లేపి కూర్చోబెట్టిన పొద్దున నేను మంచం పక్కనే నిలబడి, "తల నొస్తుందా బాపూ?" అన్నాను.

"తలకేమైంది? ఛాయ్ తెప్పియ్యి" అన్నాడాయన.

ఎవరినీ పంపలేదు. నేనే పోయి తెచ్చాను.